వాడిపోని వారసత్వం



మన గోదావరిఖనిలో 'వారసత్వం' అంటే ఎవరికీ భూమి, బంగారం గుర్తుకు రావు. తండ్రి చేసిన సింగరేణి ఉద్యోగం కొడుక్కు రావడమే గుర్తుకు వస్తుంది. మెడికల్ బోర్డు, అన్‌ఫిట్, డిపెండెంట్, కారుణ్య నియామకం అనే మాటలు బడికి వెళ్లని తల్లులకు కూడా కంఠతా వచ్చు. కార్మికుడు చనిపోయినా, జబ్బు వల్ల ఇక పని చేయలేడని బోర్డు తేల్చినా, నిబంధనల మేరకు అర్హుడైన వారసునికి ఉద్యోగం ఇచ్చే పద్ధతి సంస్థలో ఉంది. ఇంటి పెద్ద పడిపోతే ఇల్లు కూడా పడిపోకుండా ఆపే మంచి ఏర్పాటు అది. దానిని తప్పు పట్టడానికి ఈ వ్యాసం రాయడం లేదు.

కాని ఆ ఏర్పాటు మీద మనం కట్టుకున్న ఆశ కొన్ని ఇళ్లలో తలకిందులైంది. "నాకు షుగరు ఎక్కువైతేనే మంచిది, పిల్లవాడికి దారి దొరుకుతుంది" అనే తండ్రి మాట ఈ ప్రాంతంలో వింతగా వినిపించదు. మాత్రలు వేసుకోని రోజులు పెరుగుతాయి. డిగ్రీ చదివిన కొడుకు మరో పని వెతుక్కోక, తండ్రి ఫైలు కదిలే రోజు కోసం ఏళ్ల తరబడి ఎదురు చూస్తాడు. తండ్రి ఆరోగ్యం బాగుపడితే సంతోషించాలో దిగులు పడాలో ఇంట్లో వాళ్లకే తెలియని స్థితి వస్తుంది. ఒక మనిషి క్షీణిస్తేనే మరొకరికి బతుకు అనే ఆశ జీవముగల ఆశ కాదని నా గట్టి అభిప్రాయం.

పేతురు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం 3, 4 వచనాలను ఈ ఆదివారం కుటుంబమంతా కూర్చుని చదవండి. అక్కడ మూడు సంగతులు ఒకే వాక్యంలో కలిసి ఉన్నాయి: కొత్త జన్మ, జీవముతో కూడిన నిరీక్షణ, చెడిపోని స్వాస్థ్యము. స్వాస్థ్యము అంటే మనం చెప్పుకునే వారసత్వమే. ఆ వారసత్వం పాడవదు, మలినం కాదు, వాడిపోదు అని అపొస్తలుడు చెబుతున్నాడు. మరొక తేడా కూడా గమనించండి. మన వారసత్వానికి తండ్రి మరణమో జబ్బో కారణం కావాలి. పేతురు చెప్పే వారసత్వానికి క్రీస్తు మృతులలో నుండి లేవడం ఆధారం. ఇచ్చే తండ్రి సజీవుడు గనుక, ఆ తండ్రికి కీడు కలగాలని కోరుకునే అవసరం ఏ బిడ్డకూ ఉండదు.

ఈ మాట రాసింది ఎవరో కూడా ఆలోచించాలి. ప్రభువును ఎరుగనని మూడుసార్లు బొంకి, బయటికి వెళ్లి ఏడ్చిన మనిషి పేతురు. సిలువ తరువాత అతని ఆశ సమాధిలో పడింది. ఖాళీ సమాధిని, లేచిన ప్రభువును చూసిన తరువాతనే అతనికి మళ్లీ పుట్టినట్లయింది. ఆ పత్రిక అందుకున్న వారు కూడా సుఖంగా ఉన్నవారు కారు. నేటి టర్కీ దేశంలో ఉన్న పొంతు, గలతీయ, కప్పదొకియ వంటి ప్రాంతాలలో చెదరిపోయి పరదేశులుగా బతుకుతున్నవారు. ఊళ్లు వదిలి బొగ్గు బావులను నమ్ముకుని వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలకు ఆ మాట దగ్గరగానే ఉంటుంది.

కొత్త జన్మ అంటే పేరు మార్చుకోవడం, బాప్తిస్మం రిజిస్టరులో ఎక్కడం అని కొందరు అనుకుంటారు. నీకొదేము ధర్మశాస్త్రం బాగా చదివిన పెద్దమనిషి. రాత్రివేళ యేసు వద్దకు వచ్చినప్పుడు, ముసలివాడు మళ్లీ ఎలా పుడతాడని అడిగాడు. అది మనిషి తన శక్తితో తెచ్చుకునేది కాదని, దేవుని ఆత్మ వల్ల కలిగేదని ప్రభువు అతనికి చెప్పాడు. పుట్టిన బిడ్డ ఊపిరి పీల్చినట్లే, ఆత్మ వల్ల పుట్టినవాడిలో కూడా ఆనవాళ్లు కనబడతాయి. జీతం రోజున బెల్టు షాపు దారి పట్టే కాళ్లు ఇంటి దారి పడతాయి. భార్య మీద లేచే చేయి ఆగుతుంది. అప్పు దాచినవాడు నిజం చెబుతాడు.

ఇది కష్టాన్ని మరిపించే మత్తు కాదా అని అడిగేవారున్నారు. అడగవలసిన ప్రశ్నే. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు ముంచుకువచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. ఆ ఇళ్ల ముందు నిలబడి "అంతా మంచికే" అనే నోరు క్రైస్తవ నోరు కాదు. లాజరు చనిపోయినప్పుడు, అతన్ని లేపబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీళ్లు విడిచాడు. పేతురు కూడా తన పాఠకుల దుఃఖాన్ని దాచలేదు. నానా విధాలైన శోధనలలో వారు దుఃఖపడుతున్నారని ఒప్పుకున్నాడు. జీవముగల నిరీక్షణ మరణాన్ని మరణమనే పిలుస్తుంది, కాని చివరి మాట దానికి ఇవ్వదు. గనులలో రక్షణ కావాలని అడిగే ధైర్యం కూడా ఆ నిరీక్షణలోనిదే.

ఈ నిరీక్షణ ఎలా పని చేస్తుందో చూడాలంటే దూరం పోనక్కరలేదు. 1907లో మన దేశానికి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్ నిజామాబాదు ప్రాంతంలో కుష్ఠు రోగుల మధ్య పనిచేసింది. ఆ రోజుల్లో ఆ జబ్బు వస్తే ఊరు వెలివేసేది. రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత ఇచ్చిన విరాళంతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి వెలిసింది. నేటి మందులు అప్పుడు లేవు. ఉన్న నూనె మందునే ఇంజెక్షనుగా ఇస్తూ, గాయాలు కడుగుతూ, 1932లో చనిపోయేవరకు ఆమె ఆ పని విడువలేదు. నేడు కుష్ఠు అనేక మందుల కలయికతో 6 నుండి 12 నెలల్లో నయమవుతుంది. ఆ రోజు కోసం ఆమె చేతులు కట్టుకుని ఎదురు చూడలేదు.

అందుకే ప్రార్థన చేశాం గనుక మందు మానేశాం అనేవారితో నేను ఏకీభవించను. టీబీ మందులు దగ్గు తగ్గగానే మానేస్తే జబ్బు మొండికేస్తుంది. డాక్టరు చెప్పినన్ని నెలలూ వాడాలి. షుగరు, బీపీ నొప్పి లేకుండానే కళ్లను, మూత్రపిండాలను, గుండెను తింటాయి. బొగ్గు ధూళి ఊపిరితిత్తులలో చేసిన నష్టం పూర్తిగా పోదు, కాని బీడీ మానితే ఉన్న ఊపిరి నిలుస్తుంది. శరీరం దేవుని ఆలయమని పౌలు చెప్పాడు. ఆలయాన్ని కూల్చి వారసునికి ఇటుకలు ఇవ్వడం విశ్వాసం కాదు.

తండ్రులారా, మీరు బతికి ఉండడమే మీ పిల్లలకు మొదటి ఆస్తి. మాత్రలు వేసుకోండి. ఉద్యోగం రాసిపెట్టి ఉంటే నిజాయితీగా వస్తుంది. యువకులారా, ఫైలు కోసం ఎదురు చూస్తూనే ఒక పని నేర్చుకోండి. తండ్రి త్యాగాన్ని గౌరవించడమంటే అతని జబ్బు కోసం కాచుకుని ఉండడం కాదు. సంఘ పెద్దలారా, ఉద్యోగం వచ్చిన ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెడుతున్నాం, మంచిదే. ఉద్యోగం రాని ఇంటికి, బోర్డు 'ఫిట్' అని పంపిన తండ్రి ఇంటికి కూడా వెళదాం. బతకాలని లేదని ఎవరైనా అంటే దానిని పాపమని కసరకండి. పక్కన కూర్చుని వినండి, డాక్టరు వద్దకు తీసుకురండి. 14416 నంబరుకు ఫోను చేస్తే ప్రభుత్వ టెలి మానస్ సలహాదారులు తెలుగులో ఉచితంగా మాట్లాడతారు.

పరలోకంలో మన కోసం భద్రపరచబడిన వారసత్వాన్ని ఏ బోర్డూ తిరస్కరించదు, ఏ వయోపరిమితీ అడ్డు రాదు. కూతుళ్లకు, కొడుకులకు సమానంగా అందుతుంది. ఆ నిశ్చయత ఉన్నవాడు ఇక్కడి ఉద్యోగాన్ని ప్రాణం కన్నా పెద్దది చేసుకోడు. అట్టి నిరీక్షణతో మన సజీవుడైన ప్రభువు ప్రతి ఇంటినీ, ప్రతి పడక మీదున్న రోగినీ నింపును గాక. ఆమేన్.