వైరు లేదన్న ధీమా

ఇటీవల తడ బజారులోని ఒక దుకాణమునందు, బిడ్డలు దూరదేశముల నుండుటచేత ఒంటరిగా కాలము గడపుచున్న ఒక వృద్ధురాలు కార్డ్‌లెస్ ఫోను కొనుచు, దానిని ఇంటియందు ఎట్లు అమర్చవలయునని అడుగగా, అమ్మకందారు పెట్టెను ఆమె చేతిలో పెట్టి, “వైరు లేదు, భయం లేదమ్మా! ప్లగ్గు పెట్టండి, మాట్లాడండి, అంతే” అని పంపివేసెను. ఈ మాట ఆ ఒక్క అమ్మకందారుని సొత్తు కాదు. తడ మొదలు తిరుపతి వరకు ఏ దుకాణమునందైనను, ఏ యింటనైనను, చదివినవారును చదువనివారును ఏకకంఠముగా వల్లించుచున్న మాట యిది. చేతిలోని తీగ తొలగినంతనే, తెలిసికొనవలసినదియు జాగ్రత్తపడవలసినదియు సర్వము తొలగిపోయినదని వీరి నమ్మకము. ఇంతకంటె అపాయకరమైన సోమరితనమును నేనెరుగను. ఆపత్కాలమున ఇంటిని మూగదానిని చేయు ఈ అసత్యమును ఖండింపక ఊరకుండుట నాకు సాధ్యము కాదు.

తీగ ఎచ్చట తొలగినది? హ్యాండ్‌సెట్టునకును బల్లమీది పెట్టెకును నడుమనున్న మెలికల తీగ తొలగినది, అంతమాత్రమే. బేస్ అని పిలువబడు ఆ పెట్టెను త్రిప్పి చూచినచో, టెలిఫోను లైను నుండి వచ్చు తీగ యొకటియు, గోడప్లగ్గులోని అడాప్టరు నుండి వచ్చు తీగ మరియొకటియు స్పష్టముగా కానవచ్చును. పాతఫోనునకు వెలుపలి ప్రపంచముతో ఒక్క తీగయే సంబంధము. క్రొత్తఫోను రెండింటికి దాస్యము చేయుచున్నది. నేడు దొరకు కార్డ్‌లెస్ ఫోనులలో పెక్కింటికి ఆధారమైన డెక్ట్ అను ప్రమాణము గత శతాబ్దపు చివరి దశకములో ఐరోపాయందు రూపొందినది. అందు బేసును హ్యాండ్‌సెట్టును 1880 నుండి 1900 మెగాహెర్ట్జుల నడుమ, సెకనునకు 100 మారులు ఆవృత్తమగు రేడియో సంకేతములతో ఒకదానినొకటి పలుకరించుకొనుచు, ఇంటిలోపల సుమారు 50 మీటర్ల వరకును, అడ్డులేని ఆరుబయట 300 మీటర్ల వరకును మన మాటను మోయుచుండును. బేసునకు కరెంటు నిలిచిన మరుక్షణమున ఈ పలుకరింపు నిలిచిపోవును. హ్యాండ్‌సెట్టులోని బ్యాటరీ నిండుగా నున్నను ప్రయోజనము సున్న. రాగిలైనుపై నడచు పాతఫోనన్ననో, ఎక్స్ఛేంజిలోని బ్యాటరీలు పంపు 48 వోల్టుల విద్యుత్తుతో బ్రతుకునట్టిది; ఊరంతయు చీకటియైనను రిసీవరు ఎత్తినచో డయల్‌టోను వినబడుచుండెడిది.

ఇక నా ప్రధానమైన ఆక్రోశమునకు వచ్చెదను. కార్డ్‌లెస్ ఇంటికి వచ్చిన దినముననే పాతఫోనును పాతసామానువానికి తూకమునకు వేయుట మనయిండ్లలో ఒక ఆచారమైనది. ఏండ్ల తరబడి చెడక పలికిన పరికరమును, ఖర్చు లేనిదానిని, మూలనుంచుకొన్నను బరువు కానిదానిని, చూపునకు మోటుగా నున్నదని వదలించుకొందురు. తడ యెట్టి ఊరో వీరికి తెలియదా? తూర్పున పులికాటు సరస్సు, దాని కావల సముద్రము. ఈశాన్య ఋతుపవనము ప్రవేశించినదనగా వాయుగుండముల దారిలో నిలిచిన ఊరు. 2016 డిసెంబరు 12న వార్దా తుపాను చెన్నై చేరువను తీరము దాటినపుడు చెట్లును కరెంటు స్తంభములును నేలకొరుగుట చూచినవారే, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను ఈ తీరము వెంబడి సాగి బాపట్ల చెంత నేలకెక్కుట ఎరిగినవారే, ఇంట నున్న రెండు ఫోనులలో కరెంటు అక్కరలేని దానిని పారవేసి, కరెంటు లేనిదే పలుకని దానిని పూజించుచున్నారు. తుపాను రాత్రి మొదట పోవునది కరెంటు. దానితోపాటు బేసును పోవును. ఎవరిని పిలువవలసి వచ్చినను ఆ రాత్రియే పిలువవలసి వచ్చును.

సెల్లున్నది గదా యని వెంటనే కేకవేయువారున్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినపుడు సెల్‌ఫోనులు మూగవోయి, అయినవారి క్షేమము తెలియక జనులు పడిన వేదనను ఇంత త్వరగా మరచితిమా? టవరునకును కరెంటు కావలయును. కరెంటు పోయినపుడు దాని క్రింది బ్యాటరీలు కొన్ని గంటలకే అలసిపోవును. ఆపై డీజిలు మోయు బండి నీట మునిగిన దారిని దాటి రావలయును. పైగా తడవారికి వేరొక చిక్కు కలదు. ఊరు దాటి దక్షిణమునకు సాగిన కొలది దూరముననే ఆరంబాకము, తమిళనాడు. రాష్ట్రముల హద్దు రేడియో తరంగములకు పట్టదు కనుక, ఇంటిలో నున్న సెల్లు ఆవలి టవరును పట్టుకొనుట ఈ హద్దు గ్రామములకు క్రొత్త కాదు. రోమింగు రుసుములున్న దినములలో ఈ కారణముచేత తమ ఊరిలో కూర్చుండియే పరాయి రాష్ట్రపు ధరలు చెల్లించినవారు కలరు. రుసుము పోయినను చిక్కు పోలేదు. ప్రాణాపాయవేళ సెల్లు నుండి 108నో 112నో పిలిచినచో, పట్టుకొన్న టవరు ఏ రాష్ట్రమునదో ఆ రాష్ట్రపు కేంద్రమునకు పిలుపు చేరుట సహజము. తమిళము మాటలాడుట ఇచ్చటివారికి కష్టము కాకపోవచ్చును గాని, ఆ కేంద్రము పంపునది ఆవలి జిల్లా అంబులెన్సు. ఈవలి వీధిపేరు వారికి తెలియదు. తప్పు దిద్దుకొనులోపల పోవునది రోగి ప్రాణము. ఇంటి లైనునకు ఈ గొడవ లేదు. అది యే కేంద్రమునకు చెందినదో ఆ కేంద్రమునకే చెందియుండును. దాని చిరునామా కదలదు. నట్టింట అందరికిని అందునట్లు, పసివాడు సైతము గుర్తుంచుకొని నొక్కగలుగునట్లు ఉండవలసిన ఫోను ఒకటి ప్రతి యింటికిని కావలయునని నేను పట్టుబట్టుట ఇందులకే.

రాగితీగకు బదులు ఫైబరు వచ్చిన ఇండ్లలో ఈ ప్రమాదము ఇనుమడించినది. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ ప్రారంభమైనపుడు నెలకు 149 రూపాయలకు టీవీయు, ఇంటర్నెట్టును, ఫోనును ఒక్క తీగపై వచ్చునని జనులు సంతోషించిరి; సంతోషింపదగినదే. గాని ఆ గాజుతీగ వెంట కాంతి నడచును, కరెంటు నడువదు. గోడకు బిగించిన పెట్టెకు కరెంటు లేనిచో దానికి తగిలించిన ఫోను, తీగదైనను తీగ లేనిదైనను, పలుకదు. కావున ఫైబరు గల గృహస్థుడు ఆ పెట్టెను, కార్డ్‌లెస్ బేసును రెండింటిని ఇన్వర్టరు లైనుపై నుంచవలయును. మన ఇండ్లలో ఇన్వర్టరు కనెక్షను ఫ్యానులకును దీపములకును, మరి యెక్కువైనచో టీవీకిని ఇచ్చుకొందురు. ఫోనునకొక ప్లగ్గు ఇమ్మని ఎలక్ట్రీషియనును అడిగినవారు ఎందరు?

పిడుగుల విషయమున ‘వైరు లేదు’ అను మాట మరింత ఘోరము. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశమున 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగులు నమోదైనవి. ఇది పిడుగుల సీమ. స్తంభముల మీదుగా వచ్చు టెలిఫోను లైనును, కరెంటు లైనును పిడుగుధాటిని ఇంటిలోనికి తెచ్చు రెండు ద్వారములు కాగా, కార్డ్‌లెస్ బేసు ఆ రెండింటికిని నడుమ కూర్చుండియున్నది. హ్యాండ్‌సెట్టు ఈ తీగలకు అంటియుండదు కావున, ఉరుముల వేళ దానితో మాటలాడువానికి తీగఫోను పట్టినవానికంటె అపాయము మిక్కిలి తక్కువ. ఆ సమయమున తీగఫోనును ముట్టనే రాదు. కరెంటు లేని వేళ రాగిలైనుపై తీగఫోనే మేలు. ఉరుముల వేళ కార్డ్‌లెస్సే మేలు. ఒకదాని లోపమును రెండవది పూరించునట్లు రెండును ఇంటనుండుటయే వివేకము. ఇక పరికరము దక్కవలెనన్నచో, మేఘము కమ్ముకొనుచుండగనే అడాప్టరును లైనుతీగను రెండింటిని ఊడదీయవలయును. పిడుగులు పడుచుండగా తీగలపై చేయి వేయుట అవివేకము.

బ్యాటరీల మాట చెప్పుటకే నాకు కోపము వచ్చుచున్నది. హ్యాండ్‌సెట్టులో సాధారణముగా నుండునవి 1.2 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీలు రెండు. మరల మరల ఛార్జి యగుటకు చేయబడినవి. అవి క్షీణించినపుడు మనవారు ఏమి చేయుదురు? గోడగడియారమునకు వేయు మామూలు బ్యాటరీలను పది రూపాయలకు తెచ్చి అందులో దూర్చి, హ్యాండ్‌సెట్టును బేసుపై నుంచి నిద్రింతురు. ఛార్జి చేయరాని ఆ బ్యాటరీలలోనికి బేసు రాత్రియంతయు కరెంటును నెట్టుచుండగా అవి వేడెక్కి, కారి, ఒక్కొక్కప్పుడు పగులును. ఇది తెలియకపోవుట నేరము కాదు. తెలిసిన దుకాణదారు ఏమియు చెప్పక ఆ బ్యాటరీలనే అమ్ముట నేరము. క్రొత్త ఫోనును మొదటిమారు తయారీదారు చెప్పినంతసేపు, పెక్కింటికి ఇంచుమించు 15 గంటలు, ఛార్జి చేయవలయునను ముక్కయు ఎవరును చెప్పరు. పులికాటు ఉప్పుగాలికి బేసుపైని లోహపు రేకులు మాసి ఛార్జి అందకపోయినపుడు, పొడిబట్టతో తుడిచిన తీరు దోషమునకు ఫోనునే పారవేసి మరియొకటి కొందురు.

అమెరికా ఫోనుల పిచ్చి మరియొకటి. సెలవులకు వచ్చు కొడుకులును కోడండ్రును పెట్టెలో వేసికొని వచ్చు డెక్ట్ 6.0 ఫోను మెరుపునకు లోటులేనిదే. గాని దాని అడాప్టరు 120 వోల్టులకు మాత్రమే చేయబడినదైనచో మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టిన క్షణముననే మాడిపోవును. అడాప్టరు మార్చినంత మాత్రమున అది సాధువు కాదు. అది పనిచేయునది 1920 నుండి 1930 మెగాహెర్ట్జుల నడుమ. ఐరోపా, ఆసియా ఖండములలో 1920 నుండి పైకి గల ఆ పట్టీ సెల్‌ఫోనులు టవరుతో మాటలాడుటకై ఉద్దేశింపబడినది. ఒక యింటి సౌకర్యము వీధికంతకు ఆటంకము కారాదు. తల్లిదండ్రులపై ప్రేమ గల బిడ్డలు ఇచ్చటి ఫోనునే ఇచ్చట కొని, ఒక పూట కూర్చుండి అమర్చి, వారిచేత నాలుగు మారులు డయల్ చేయించి పోవుట మేలు.

రేడియేషను భయమును గూర్చి రెండు మాటలు చాలును. డెక్ట్ హ్యాండ్‌సెట్టు సగటున వెలువరించు శక్తి 10 మిల్లీవాట్ల ప్రాంతము. చెవికి హత్తుకొన్న సెల్లు దూరపు టవరుకై పాకులాడునపుడు అంతకు పెక్కురెట్లు వెలువరింపగలదు. సెల్లును తలక్రింద పెట్టుకొని నిద్రించుచు బేసును చూచి బెదరువారి తర్కము నాకు బోధపడదు. బేసును పడకకు నాలుగడుగుల దూరమున, ఇనుప బీరువాకును టీవీకిని ఎడముగా, ఇంటి నడిమి భాగమున ఎత్తుగా నుంచినచో భయమును తీరును, సిగ్నలును బాగుపడును. పేస్‌మేకరు గలవారు హ్యాండ్‌సెట్టును చొక్కాజేబులో నుంచుకొనరాదు. గ్యాసు లీకైన వాసన వచ్చినపుడు ఆ యింటిలోపల ఏ ఫోనును వాడరాదు. వెలుపలికి వచ్చి పిలువవలయును. రహస్యమును గూర్చి: పూర్వపు అనలాగ్ కార్డ్‌లెస్ మాటలను ప్రక్కయింటి రేడియో సైతము వినగలిగెడిది, డెక్ట్ వచ్చిన తరువాత ఆ బెడద కొంత తగ్గినను, ఫ్యాక్టరీ ఇచ్చిన 0000 అను పిన్ను మార్చకుండ నుంచుట గడియ వేయని తలుపే.

ఇంత యజ్ఞానమునకు మూలమేది? నేను చూచిన పెట్టెలలో పలుభాషలలో ముద్రించిన పుస్తకములున్నవి. తెలుగున ఒక్క పుట లేదు. తడకు రెండు గంటల ప్రయాణములో నున్న మద్రాసు ఐఐటీలో అశోక్ ఝున్‌ఝున్‌వాలా మొదలైన ఆచార్యులు 1990లలో ఈ డెక్ట్ ప్రమాణమునే స్వీకరించి, కార్‌డెక్ట్ అను పద్ధతిని నిర్మించి, తీగ వేయుటకు ఖర్చు పెట్టలేని పల్లెలకు 10 కిలోమీటర్ల దూరము వరకు ఫోనును గాలిలో పంపగలిగిరి. ఇల్లు దాటలేని సాధనమును పల్లెల నడుమ నడిపిన మేధ మనకు ఇంత చేరువనుండగా, ఆ సాధనమును ఇంటిలో ఎచ్చట పెట్టవలయునో తెలుపు నాలుగు తెలుగు వాక్యములు మనకు కరువైనవి. అమ్మువాడు తయారీదారు భాషలో చెప్పిన చాలుననుకొనును. కొన్నవాడు అడుగుట చిన్నతనమనుకొనును.

మరి మార్గమేమనిన, అది ఒక్కరివలన తీరునది కాదు. తెలుగు పుస్తకము లేనిదే పెట్టెను ముట్టమని కొనువారు గట్టిగా చెప్పవలయును. పాఠశాలలలో తుపాను జాగ్రత్తలు చెప్పుచోట ఇంటిఫోను మాటయు చెప్పవలయును. బిగించుటకు వచ్చిన లైన్‌మన్‌ను కాఫీ యిచ్చి పంపక కరెంటు తీసి చూపుమని అడుగవలయును. ఇవన్నియు ఎప్పుడు జరుగునో గాని, అంతవరకు ప్రతి గృహస్థుడును ఒక పరీక్ష చేయవచ్చును: ఆశ్వయుజము రాకమునుపే ఒక సాయంకాలము మెయిన్ స్విచ్చు ఆపి, ఇంటిఫోను ఎత్తి, మీ బంధువులలో ఒకరికి డయల్ చేయుడు. పలికినచో మీ అమరిక సరియైనది. పలుకనిచో, మీకు ఫోను అమ్మినవాడు చెప్పిన “భయం లేదు” అను మాట అబద్ధమని ఋజువైనది. తుపానునకు ముందే ఋజువైనది గనుక దిద్దుకొనుటకు ఇంకను వ్యవధి కలదు.