ఎవరి కాళ్ల మీద ఎవరు నిలబడ్డారు?

అమెరికాలో ఇప్పుడు పాతకాలపు ఇంటిపనులకు మళ్లీ గిరాకీ వచ్చింది. పులిసిన పిండితో రొట్టె, పెరట్లో కూరగాయలు, చేత్తో కుట్టిన బొంతలు. ఇవన్నీ ముచ్చటైనవే. పేచీ వీటితో పాటు వచ్చే నీతికథతోనే. పంతొమ్మిదో శతాబ్దంలో గూడుబండ్లు కట్టుకుని పడమటికి పోయిన పయనీర్లు ఎవరి మీదా ఆధారపడలేదట, అన్నీ సొంతంగా చేసుకున్నారట, అంగళ్లు వచ్చి మనల్ని చేతకానివాళ్లను చేశాయట. ఇది నిలిచే వాదన కాదు.

ముందు ఆ బండిలో ఏముందో చూడండి. 1845లో అచ్చయిన లాన్స్‌ఫర్డ్ హేస్టింగ్స్ గైడు మనిషికి 200 పౌన్ల పిండి, 150 పౌన్ల బేకన్, 20 పౌన్ల చక్కెర, 10 పౌన్ల కాఫీ తీసుకెళ్లమంది. ఆ కాఫీ ఏ పయనీరు పెరట్లోనూ కాయలేదు. బొంతల సంగతీ అంతే. మిల్లు గుడ్డ చవకయ్యాకే అవి ఇంటింటికీ చేరాయి. అంతర్యుద్ధం దాకా ఆ మిల్లుల్లోకి పోయిన పత్తి చాలావరకు బానిసలు ఏరింది. ఇక 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద దొరికిన 160 ఎకరాలు? ఆదివాసుల నుంచి లాక్కుని ప్రభుత్వం పంచిపెట్టిన నేల. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి వేసే పద్ధతి కూడా ఆ ఆదివాసులదే.

ఈ కథకు వేదంలాంటివి లారా ఇంగల్స్ వైల్డర్ పుస్తకాలు. వాటిలోనే 'ది లాంగ్ వింటర్' తెరిచి చూడండి. 1880-81 చలికాలం, డకోటాలోని డి స్మెట్ ఊరు. మంచు తుపాన్లకు రైళ్లు ఆగిపోయాయి. బొగ్గు అయిపోతే ఎండుగడ్డిని కట్టెల్లా మెలిపెట్టి పొయ్యిలో పెట్టారు. పిండి అయిపోతే కాఫీ గింజలు విసిరే చిన్న మరలో గోధుమలు పోసి, లారా ఇంటిల్లిపాదీ వంతులవారీగా తిప్పారు. ఆ ఇంట్లో పని చేతకాని వాళ్లెవరూ లేరు. రైలు రాకే పస్తులున్నారు. చివరికి ఊరిని బతికించింది ఇద్దరు కుర్రాళ్లు ప్రాణాలకు తెగించి, మంచులో పోయి ఒక రైతు దగ్గర కొనుక్కొచ్చిన గోధుమలు.

మరి స్వయంసమృద్ధి కథ ఎక్కడ పుట్టింది? ఈ పుస్తకాలు రావడం మొదలైంది 1932లో, ఆర్థిక మాంద్యం రోజుల్లో. వాటిని తీర్చిదిద్దిన లారా కూతురు రోజ్ వైల్డర్ లేన్ ప్రభుత్వ సాయమంటేనే మండిపడే రచయిత్రి. తల్లి జ్ఞాపకాల్లో కూతురి రాజకీయం కలవలేదని నమ్మడం కష్టం.

'అయితే ఈ పనులు నేర్చుకోవద్దంటారా?' అని అడుగుతారు. శుభ్రంగా నేర్చుకోండి, కానీ ఇప్పటి తెలివితో. చిక్కుడు, మొక్కజొన్న లాంటి పులుపులేని వాటిని సీసాల్లో పెట్టి ఉత్త మరిగే నీళ్లలో ఉడికిస్తే బొటులిజం తెచ్చే బీజాలు చావవు. గాలి చొరని సీసాలో అవి విషం పుట్టిస్తాయి. వాటిని చంపాలంటే ప్రెషర్ కానర్‌లో దాదాపు 116 డిగ్రీల సెల్సియస్ వేడి తగలాలి. అమెరికా వ్యవసాయ శాఖ ఈ మాట 1917 నుంచీ చెబుతోంది. ఆవకాయను ఉప్పూ పులుపూ కాపాడతాయి. ఆ ధీమాతో అక్కడి మన తెలుగువాళ్లు గోరుచిక్కుళ్లు సీసాకెక్కిస్తే ప్రాణం మీదికి తెచ్చుకున్నట్టే. అమ్మమ్మలు అలాగే చేశారుగా అనేవాళ్లు, వాళ్లలో ఎందరు దాని పాలబడ్డారో కూడా అడగాలి.

కాబట్టి రొట్టె కాల్చుకోండి, బొంత కుట్టుకోండి. కానీ ఊరి బడికీ, నీళ్లకూ, తిండి తనిఖీలకూ పన్ను కట్టడం దండగనడానికి మాత్రం పయనీర్లను సాక్ష్యానికి పిలవకండి. వాళ్లు నేల ప్రభుత్వం దగ్గర పుచ్చుకున్నారు, గుడ్డ మిల్లు దగ్గర కొన్నారు, రైలు ఆగితే పొరుగువాడి గింజలు తిని బతికారు.