చాచా కంప్యూటర్‌కి ఎంత మొహలత్?

మా చొప్పదండిలో జనరల్ స్టోర్ నడిపే ఒక చాచా ఉన్నారు. ఆయన బిల్లులు, ఉధార్ ఖాతాలు చూసుకునే ప్రోగ్రాం నేనే రాసిచ్చాను, పైథాన్ 2.7లో. కంప్యూటర్ విండోస్ ఎక్స్‌పీది. కొత్త వెర్షన్ మాట ఎత్తితే చాలు, "నడుస్తుంది కదా బేటా, మంచిగున్నదాన్ని ఎందుకు ఖరాబ్ చేస్తవ్?" అంటారు. నేనూ "అచ్ఛా చాచా" అనేసి వచ్చేస్తాను.

మిగతా దుకాణాలన్నీ పైథాన్ 3కి మారాయి. చాచా ఒక్కరి కోసం పాతది కూడా మోస్తున్నా. ప్రతి మార్పూ రెండుసార్లు రాయాలి. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మారి సబ్బులు, షాంపూలు, తలనూనె 18 శాతం నుంచి 5కి దిగాయి కదా. కొత్త ప్రోగ్రాంలో ముందు రాత్రే మార్చాను. పాతదాంట్లో మర్చిపోయాను. నాలుగు రోజులు చాచా బిల్లుల మీద 18 శాతమే పడింది. ఎవరో పిలగాడు ఫోన్‌లో కొత్త రేటు చూపించి "గిట్ల మోసం చేస్తవా చాచా?" అన్నాడట. గల్తీ నాది. మాట పడ్డది ఆయన.

ఆ రోజు నుంచి నాకొకటి అర్థమైంది. పాత వెర్షన్‌కి సపోర్ట్ ఇస్తున్నానని చెప్పి సగం మనసుతో చూడటం మెహర్బానీ కాదు, జూఠా వాదా. ఖాతా అంటే అమానత్. దాన్ని కాపాడలేనప్పుడు కాపాడలేనని చెప్పడమే ఈమాన్‌దారీ.

పైథాన్ వాళ్లే ఏం చేశారో చూడండి. పైథాన్ 3 వచ్చింది 2008 డిసెంబర్‌లో. పాతదాన్ని 2015లో ఆపేస్తామన్నారు. జనం మారలేదు. 2014లో ఆ గడువును 2020 దాకా పొడిగించారు. 2020 జనవరి 1తో మద్దతు ముగిసింది, ఏప్రిల్‌లో 2.7.18 అనే ఆఖరి విడుదల ఇచ్చి చేతులు కడుక్కున్నారు. పదకొండేళ్లకు పైగా మొహలత్! ఇక అందులో కొత్తగా ఏ రంధ్రం బయటపడినా వాళ్లు పూడ్చరు. అటు ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8నే ఆగిపోయింది. పైథాన్ 3.5 నుంచి ఎక్స్‌పీ మీద ఎక్కనే ఎక్కదు. అంటే చాచాది రెండు తాళాలూ ఊడిన దుకాణం.

మన జబాన్ల సంగతి కూడా ఉంది. యుటీఎఫ్-8లో రాసిన "చొప్పదండి"కి ఎన్ని అక్షరాలని పైథాన్ 2ని మామూలుగా అడిగితే 27 అంటుంది, బైట్లు లెక్కపెడుతుంది కాబట్టి. పైథాన్ 3 యూనికోడ్ గుర్తులు లెక్కపెట్టి 9 అంటుంది. మన కంటికి నాలుగే అనుకోండి, అయినా కొత్తది కొంత దగ్గరికొచ్చింది. తెలుగులో గానీ ఉర్దూలో గానీ కస్టమర్ పేరు రాయాలంటే పాతదాంతో ఎంత పరేషానో నాకు తెలుసు.

"పాతది ఆపేస్తే గరీబోళ్ల గతేంది?" అని అడిగేవాళ్లున్నారు. వాజిబే ఆ సవాల్. 1959 నాటి కోబాల్ ఇంకా బతికే ఉంది కదా అని కూడా అంటారు. నిజమే. 1990ల చివర్లో మన పిల్లలు అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని వైటూకే పనికి అమెరికా విమానం ఎక్కారు. 2020 ఏప్రిల్‌లో కరోనా వేళ నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తితే, న్యూజెర్సీ గవర్నరే కోబాల్ తెలిసినవాళ్లు రండని పిలుపునిచ్చాడు. పాత భాష ఊరికే బతకదు. దాన్ని చూసుకునే మనిషి ఉండాలి, ఆ మనిషికి ఎవరో కూలి ఇవ్వాలి. బ్యాంకులు ఇవ్వగలవు. చాచా ఇవ్వలేరు, నేను ఎల్లకాలం ముఫ్త్‌గా చేయలేను.

అందుకే నా ఫైసలా ఇది. వచ్చే మార్చి 31 ఆఖరు. లెక్కలు ఎట్లాగూ ఆ రోజు మూస్తారు. అప్పటిదాకా రేట్ల మార్పులు మొదట పాతదాంట్లోనే చేస్తాను, తర్వాతే కొత్తదాంట్లో. ఖాతాలన్నీ ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకునే మామూలు ఫైళ్లుగా తీసిస్తాను. లినక్స్ వేసిన సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ చూసి పెట్టే జిమ్మేదారీ కూడా నాదే. తారీఖు చెప్పి వదిలేస్తే సగం పనే అవుతుంది. అవతలి ఒడ్డుకి చేర్చేదాకా పక్కన నడవాలి.

మొన్న చాచాకి ఇదంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత క్యాలెండర్ తీసి మార్చి 31 చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి, "గప్పుడు కూడా పక్కన నువ్వే కూసోవాలె బేటా" అన్నారు.

కూర్చుంటాను చాచా.