పొగాకుకు పరిమితి ఉంది, కార్డుకు లేదు

కలిగిరిలో పొగాకు బోర్డు వేలం కేంద్రం ఉంది. బేళ్లు వేలం వేసినందుకు బోర్డు తీసుకునే రుసుం సరుకు విలువలో 2 శాతానికి మించకూడదని, దాన్ని అమ్మినవాడి దగ్గర సగం, కొన్నవాడి దగ్గర సగం వసూలు చేయాలని పొగాకు బోర్డు చట్టం చెబుతోంది. గ్రేడు విషయంలో, ధర విషయంలో రైతుకూ కంపెనీకీ మధ్య ఎన్ని గొడవలైనా ఉండొచ్చు. రుసుం ఎంత, ఎవరు కట్టాలి అన్న దాంట్లో మాత్రం అనుమానం లేదు. అది కాగితం మీద రాసి ఉంది.

ఆ రైతే పొగాకు డబ్బు చేతికి రాకముందు మోటారు కాలిపోయిందని బజారుకెళ్తాడు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న కొడుకు ఇచ్చిన క్రెడిట్ కార్డు తీస్తాడు. ‘కార్డయితే నూటికి రెండు పడద్దన్నా’ అంటాడు దుకాణదారు. ఆ రెండు రూపాయలకు బిల్లు ఉండదు, రసీదు ఉండదు. అది రెండే ఎందుకైంది, మూడు ఎందుకు కాలేదు అని అడిగితే అతని దగ్గరా జవాబు ఉండదు. మిషన్ ఇచ్చిన బ్యాంకు అతని దగ్గర అంత కోస్తోంది, అతను కొనేవాడి మీద వేస్తున్నాడు. ఎందుకంటే మన దేశంలో క్రెడిట్ కార్డు మీద వ్యాపారి కట్టే రుసుంకు, బ్యాంకు భాషలో ఎండీఆర్‌కు, గరిష్ఠ పరిమితి అంటూ ఏదీ లేదు.

డెబిట్ కార్డు సంగతి అలా లేదు. 2012 సెప్టెంబరు నుంచే రిజర్వు బ్యాంకు దానికి కళ్లెం వేసింది. 2 వేల రూపాయల దాకా 0.75 శాతం, ఆపైన 1 శాతం అంది. నోట్ల రద్దు తర్వాత ఇంకా తగ్గించింది. 2018 జనవరి నుంచి ఏడాదికి 20 లక్షల లోపు అమ్మకాలున్న చిన్న వ్యాపారికి 0.40 శాతం, మిగతావారికి 0.90 శాతం అని విడగొట్టింది. ఒక్కో లావాదేవీకి ఇన్ని రూపాయలకు మించొద్దని గీత కూడా గీసింది. తెలివైన ఏర్పాటే అది. చిన్నవాడికి ఓ రేటు, పెద్దవాడికి ఓ రేటు, ఇద్దరికీ ఒక్కో హద్దు. ఇంత పని చేసిన రిజర్వు బ్యాంకు క్రెడిట్ కార్డు దగ్గరకొచ్చేసరికి చేతులు ముడుచుకుంది.

ఈ చర్చలో మన ఆంధ్రప్రదేశ్‌కూ వాటా ఉంది. 2016 చివర డిజిటల్ చెల్లింపుల మీద కేంద్రం వేసిన ముఖ్యమంత్రుల కమిటీకి సారథి చంద్రబాబు నాయుడే. 2017 జనవరి 24న ఇచ్చిన మధ్యంతర నివేదికలో, ప్రభుత్వానికి కట్టే డిజిటల్ చెల్లింపుల మీద ఎండీఆర్ తీసేయాలనో తగ్గించాలనో ఆ కమిటీ అడిగింది. 50 వేలు, అంతకు మించిన బ్యాంకు నగదు లావాదేవీల మీద పన్ను వేయమని కూడా చెప్పింది. ఆ రెండో సలహా ఎవరికీ రుచించలేదు. మొదటిది మాత్రం అనుకున్నదానికంటే దూరం పోయింది. 2019 జులై బడ్జెట్‌లో నిర్మలా సీతారామన్ ప్రకటన, దాని వెనక చట్ట సవరణ, 2020 జనవరి 1 నుంచి రూపే డెబిట్ కార్డుకూ యూపీఐకీ సున్నా రుసుం. కిళ్లీ కొట్టు దగ్గర కూడా జనం ‘ఫోన్‌పే కొట్టా’ అంటున్నారంటే ఆ సున్నా చలవే.

కానీ సున్నాకూ ఖర్చుంది. సర్వర్లు నడవాలి, మోసాలు పట్టాలి, స్కానరు పక్కన సౌండ్ బాక్స్ మోగాలి. ఆ ఖర్చు పూడ్చడానికి కేంద్రం ఏటా ఖజానాలోంచి ప్రోత్సాహకం ఇస్తోంది. 2024-25కు మంజూరు చేసింది సుమారు 1,500 కోట్లు. అయ్యే ఖర్చు 10 వేల కోట్లని చెల్లింపుల కంపెనీల సంఘం ప్రధానికి లేఖ రాసింది. పెద్ద వ్యాపారుల దగ్గర యూపీఐ మీద 0.3 శాతం తీసుకోనివ్వమని కోరింది. కంపెనీల లెక్కను కంపెనీల లెక్కగానే చూడాలి, నిజమే. అయినా 2025 జూన్‌లో యూపీఐ మీద రుసుం వార్తలు పూర్తిగా అబద్ధమని ఆర్థిక శాఖ ఖండించిన కొద్ది వారాలకే, ఖర్చు ఎవరో ఒకరు భరించక తప్పదని రిజర్వు బ్యాంకు గవర్నర్ సంజయ్ మల్హోత్రా అన్నారు. ఇద్దరూ పెద్దలే, మాటలే రెండు!

ఇక అసలు నొప్పి ఎక్కడుందో ఎరువుల కొట్లో చూద్దాం. 45 కిలోల యూరియా బస్తా ధర 266 రూపాయల 50 పైసలు. దాన్ని కేంద్రమే నిర్ణయిస్తుంది. డీలర్లకు దక్కే మార్జిన్ టన్నుకు 354 రూపాయలు, అంటే బస్తాకు 16 రూపాయల లోపు. అదీ కేంద్రమే నిర్ణయిస్తుంది. ఇప్పుడు ఓ రైతు 10 బస్తాలు కార్డు మీద కొన్నాడనుకోండి. 2,665 రూపాయల బిల్లు. 2 శాతం చొప్పున 53 రూపాయల 30 పైసలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 63 రూపాయలకు కాస్త తక్కువ. ఆ 10 బస్తాల మీద మార్జిన్ 160 రూపాయలు కూడా లేదు. వంద పైసల్లో నలభై పైసలు కార్డుకే పోయాయి. పైగా ఎమ్మార్పీ దాటి వసూలు చేస్తే లైసెన్సు మీదికొస్తుంది. కాబట్టి డీలరు చేయగలిగింది ఒక్కటే, కార్డు తీసుకోకపోవడం. వేలిముద్ర వేయించుకోవడానికి ప్రభుత్వం ఇప్పించిన మిషన్ కౌంటరు మీదే ఉంటుంది, కార్డు గీకే మిషన్ ఉండదు. అమ్మే ధరా లాభమూ రెండూ కట్టేసి, మధ్యలో పోయే రుసుంను మాత్రం గాలికొదిలేసిన విచిత్రం ఇది.

పెట్రోలు బంకుల వాళ్లు 2017 జనవరిలో ఈ మాటే గట్టిగా అన్నారు. బ్యాంకులు 1 శాతం అడిగేసరికి కార్డులు తీసుకోబోమని ప్రకటించారు. నోట్లు లేని రోజులు, ప్రభుత్వం పరుగున వచ్చి ఆపింది. బంకుల వాళ్లకు సంఘం ఉంది, ఒక్క రోజు ఆగితే దేశం ఆగుతుంది. వింజమూరులో మోటార్లు అమ్మేవాడు, ఉదయగిరిలో బట్టల కొట్టువాడు కార్డు ఆపేస్తే ఎవడు పరుగెత్తుకొస్తాడు?

ఈమధ్య ఇంకో మెలిక వచ్చింది. 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి తగిలించుకోవచ్చు. చిన్న వ్యాపారికి 2 వేల దాకా రుసుం లేదు, అది దాటితే ఉంది. కొనేవాడు అదే స్కానరు మీద ఫోను పెడతాడు. సౌండ్ బాక్స్ ‘ఐదు వేల రూపాయలు వచ్చాయి’ అంటుంది. ఆ వచ్చింది ఖాతాలోని డబ్బా, అప్పు డబ్బా దానికి తెలియదు. 2 శాతం రేటయితే, దాని మీద జీఎస్టీ కూడా పోగా, మర్నాడు దుకాణదారు ఖాతాలో పడేది 4,882. యూపీఐ అంటే ఉచితం అని సర్కారు నేర్పుతుంటే, అదే బోర్డు కింద రుసుం ఉన్న దారిని రిజర్వు బ్యాంకు తెరిచింది. ఒప్పందం కాగితంలో అన్నీ రాసే ఉంటాయంటారు. ఆ కాగితం తెలుగులో ఉంటే చూపించండి.

రుసుంలో పెద్ద ముక్క కార్డు ఇచ్చిన బ్యాంకుకే పోతుంది. మిగిలింది వీసా, మాస్టర్‌కార్డు, రూపే వంటి నెట్‌వర్కుకూ, మిషన్ పెట్టినవాడికీ. బ్యాంకు ఆ ముక్కలోంచే కార్డుదారుకు రివార్డు పాయింట్లు, క్యాష్‌బ్యాకులు ఇస్తుంది. అందుకే వ్యాపారి రుసుంను సరుకు ధరలో కలిపేసుకున్న చోట, సంక్రాంతికి కారులో ఊరొచ్చిన ఉద్యోగికి దక్కే పాయింట్లలో కొంత, అదే కొట్లో నోట్లిచ్చి చొక్కా కొన్న కూలీ జేబులోది. నా అభ్యంతరం ప్రధానంగా ఇక్కడే.

బ్యాంకుల వాదన తీసిపారేయదగ్గది కాదు. డెబిట్‌లో కదిలేది మన డబ్బు, క్రెడిట్‌లో కదిలేది వాళ్ల డబ్బు. నెలన్నర దాకా వడ్డీ లేకుండా ఇస్తారు, ఎగ్గొట్టేవాడి నష్టమూ భరిస్తారు. నిజమే. కానీ గడువు దాటిన బాకీ మీద నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ లాగేదీ వాళ్లే కదా. ఎగవేత భయాన్ని ఆ వడ్డీలో ఒకసారి, వ్యాపారి రుసుంలో ఇంకోసారి, రెండు చోట్లా లెక్క వేస్తే ఎలా?

ఐరోపా సమాఖ్య 2015లో ఈ బ్యాంకు ముక్కకే కత్తెర వేసింది. డెబిట్‌కు 0.2, క్రెడిట్‌కు 0.3 శాతం మించొద్దంది. ఆస్ట్రేలియా 2003లోనే దిగింది. అక్కడ కార్డులు మాయమైపోలేదు, పాయింట్లు పలచబడ్డాయి. అమెరికా 2010లో డర్బిన్ సవరణతో డెబిట్‌ను మాత్రం అదుపు చేసి క్రెడిట్‌ను వదిలేసింది. అక్కడి మనవాళ్లకు తెలుసు, చాలా గ్యాస్ స్టేషన్ల బోర్డు మీద క్యాష్ ధర ఒకటి, క్రెడిట్ ధర ఒకటి ఉంటుంది. డర్బిన్ సవరణ అమల్లోకి వచ్చే ముందు బ్యాంక్ ఆఫ్ అమెరికా డెబిట్ కార్డు మీద నెలకు 5 డాలర్లు వేస్తానని ప్రకటించి, జనం తిట్టిపోస్తే వెనక్కి తగ్గింది. ఒక చోట నొక్కితే ఇంకో చోట ఉబికే ప్రమాదం ఉందని ఆ ఉదంతం చెబుతోంది. అందుకే క్రెడిట్ మీదా సున్నా పెట్టమనడం లేదు. సున్నా పెడితే ఊళ్లలో మిషన్ పెట్టేవాడే ఉండడు. చిన్న ఊళ్లలో మిషన్లకు రిజర్వు బ్యాంకు 2021లో ప్రత్యేక నిధి పెట్టాల్సి వచ్చిందంటే లాభం లేని చోటికి ఎవరూ రారనే కదా.

కావలసింది హద్దు. 2018లో డెబిట్‌కు చేసినట్టే క్రెడిట్‌కూ చిన్న వ్యాపారికి ఒక రేటు, పెద్దవాడికి ఒక రేటు, లావాదేవీకి ఇన్ని రూపాయలని పైహద్దు పెట్టాలి. ఎరువుల్లా సర్కారే ధర కట్టేసిన సరుకులకు ఇంకా తక్కువ ఉండాలి. స్కానరు మీద క్రెడిట్ కార్డు ఒప్పుకోవాలా వద్దా అన్నది వ్యాపారి తన ఫోనులో తనే నొక్కి ఎంచుకోవాలి, డబ్బు వచ్చినప్పుడే అది క్రెడిట్ అని సౌండ్ బాక్స్ తెలుగులో చెప్పాలి. ఇందులో ఏదీ పార్లమెంటు దాకా పోవలసిన పని కాదు. 2007 నాటి చెల్లింపుల చట్టం కింద రిజర్వు బ్యాంకుకు ఆదేశాలిచ్చే అధికారం ఉంది. క్రెడిట్ కార్డు రుసుంను అదుపు చేయాలా అని 2022 ఆగస్టులో చర్చా పత్రం వేసి జనాన్ని అడిగిందీ రిజర్వు బ్యాంకే. అడిగినవాళ్లే ఇప్పుడు జవాబు చెప్పాలి.