రిజిస్టరుకు ఎక్కని పాఠకుడు

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుపుకొంటున్నాం. జ్యోతి వెలిగిస్తారు. గ్రంథాలయోద్యమ నాయకులు అయ్యంకి వెంకటరమణయ్య, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, పాతూరి నాగభూషణం పటాలకు దండలు వేస్తారు. బడిపిల్లలకు వక్తృత్వం, వ్యాసరచన పోటీలు పెడతారు. వేదికనెక్కిన పెద్దలు గ్రంథాలయాలే ఆధునిక దేవాలయాలని ఒకసారి, సెల్‌ఫోన్లు వచ్చాక చదివేవాళ్లే కరువయ్యారని ఇంకోసారి చెప్పి దిగిపోతారు. గ్రంథాలయానికి వస్తున్నవాళ్లు లోపల ఏం చేస్తున్నారు, రానివాళ్లు ఎందుకు రావడం లేదు అని మాత్రం ఆ వారం రోజుల్లో ఎవరూ అడగరు.

అడిగితే రిజిస్టరు చూపిస్తారు. గుమ్మం పక్క బల్ల మీద ఉండే ఆ పుస్తకంలో పేరు, ఊరు, సంతకం ఉంటాయి. నెలాఖరున సంతకాలన్నీ కూడి, ఇచ్చిన పుస్తకాల సంఖ్య పక్కన వేసి పై ఆఫీసుకు పంపుతారు. సంతకం చేసిన మనిషి పేపర్లో ఉద్యోగ ప్రకటనలు రాసుకుని వెళ్లాడా, నవల కోసం వచ్చి బీరువా తాళం చూసి వెనుదిరిగాడా, ఎండకు ఫ్యాను కింద కాసేపు కూర్చున్నాడా అన్నది ఆ కూడికలో కనిపించదు.

హైదరాబాద్ చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయాన్నే తీసుకోండి. గ్రూప్స్‌కు, డీఎస్సీకి, పోలీసు కొలువులకు తయారయ్యే యువతతో అది కిటకిటలాడుతుంటుంది. వాళ్లలో ఎంతోమంది ముందు ఉండేది సంచిలో తెచ్చుకున్న సొంత మెటీరియల్. వాళ్లకు కావలసింది కుర్చీ, వెలుతురు, ఛార్జింగ్ ప్లగ్గు, తాగునీరు, శుభ్రమైన మరుగుదొడ్డి, చదువు సాగేలా పక్కన తమలాంటి మరో నలుగురు. రిజిస్టరు ప్రకారం వాళ్లంతా పాఠకులే. పుస్తకాలు ఇచ్చే కౌంటరు లెక్కలో వాళ్లలో చాలామంది లేనట్టే. ఏ లెక్క నమ్మి కుర్చీలు కొనాలి, ఏ లెక్క నమ్మి పుస్తకాలు కొనాలి? గదిలో ఒక పూట కూర్చుని చూసినవాళ్లకు తప్ప ఈ సంగతి తెలియదు.

అలా కూర్చుని చూడటాన్నే ఒక పద్ధతిగా మలచిన గ్రంథాలయం ఒకటుంది. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయం తన గ్రంథాలయంలో నాన్సీ ఫ్రైడ్ ఫోస్టర్ అనే మానవశాస్త్రవేత్తకు ఉద్యోగమిచ్చింది. ఆమె బృందం విద్యార్థుల చేతికి కెమెరాలిచ్చి, మీరు చదువుకునే చోటును, ఎప్పుడూ వెంట ఉంచుకునే వస్తువులను ఫొటో తీసి తెమ్మంది. క్యాంపస్ మ్యాపు ఇచ్చి, రోజంతా ఏ వేళకు ఎక్కడున్నారో గుర్తు పెట్టమంది. మీకు నచ్చే గ్రంథాలయం ఎలా ఉంటుందో బొమ్మ గీసి చూపమంది. సూసన్ గిబ్బన్స్‌తో కలిసి ఫోస్టర్ ఈ అధ్యయనాన్ని 2007లో పుస్తకంగా తెచ్చారు. గ్రంథాలయ సిబ్బంది ఇళ్లకు వెళ్లిపోయాకే విద్యార్థుల అసలు చదువు మొదలవుతోందని అందులో తేలింది. వ్యాసం రాయడంలో చిక్కొస్తే లైబ్రేరియన్ దగ్గరికి వెళ్లకుండా అమ్మానాన్నలకు ఫోన్ చేసేవాళ్లూ ఉన్నారని బయటపడింది. దాంతో కొత్త విద్యార్థులు చేరే రోజుల్లో తల్లిదండ్రులనే పిలిచి, మీ పిల్లలు అడిగితే మా దగ్గరికి పంపండని చెప్పడం మొదలుపెట్టారు. ‘మా సేవలు మీకు సంతృప్తికరంగా ఉన్నాయా’ అని అడిగే ఫారంలో ఈ జవాబుకు గడే ఉండదు.

వాడేవాళ్లను దగ్గరుండి గమనించాలన్న ఈ పాఠం యంత్రాల విషయంలోనూ పాతదే. 1980లలో జిరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో లూసీ సచ్‌మన్ అనే మానవశాస్త్రవేత్త, కొత్త కాపీ మిషన్ ముందు మనుషులు పడే తికమకను వీడియో తీయించారు. ఆ తికమక పడినవాళ్లలో కంప్యూటర్ శాస్త్రంలో పేరుమోసిన వాళ్లూ ఉన్నారు. వాడేవాళ్లకు తెలివి చాలలేదనే మాట ఆ వీడియోతో చెల్లకుండా పోయింది.

మన డిజిటల్ గ్రంథాలయాల దగ్గర ఇదే తికమక ఇంకో రూపంలో కనబడుతుంది. మన చిత్తూరు జిల్లాలో పుట్టి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన రాజ్ రెడ్డి చొరవతో సాగిన మిలియన్ బుక్ ప్రాజెక్టు, దానికి అనుబంధమైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేల తెలుగు పుస్తకాలను స్కాన్ చేయించాయి. మామూలు పని కాదది. అయితే చాలా పుస్తకాల పేర్లను రోమన్ లిపిలో ఎక్కించారు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి పేరును ఆ లిపిలో ఎన్ని రకాలుగా రాయవచ్చో ఒకసారి వేసి చూడండి. ‘శ’కు ఎస్ ఒక్కటే చాలా, హెచ్ కలపాలా? ‘ద’కు డి పెట్టాలా, డిహెచ్ పెట్టాలా? చివరి ‘త్రి’లో హెచ్ ఉందా లేదా? ఒక్కో ఆపరేటర్ తనకు తోచినట్టు కొట్టాడు. వెతికేవాడు తనకు తోచినట్టు కొడతాడు. రెండూ కలిస్తే పుస్తకం దొరుకుతుంది. తెలుగు లిపిలో వెతికినవాడికి చాలాసార్లు అదీ లేదు. చివరికి పాఠకులే తలా కొంత జాబితాలు తయారుచేసుకుని, వాట్సాప్, టెలిగ్రామ్ గుంపుల్లో పీడీఎఫ్‌లు పంచుకుంటూ దారి వేసుకున్నారు. ప్రాజెక్టు మొదట్లోనే పదిమంది తెలుగు పాఠకులను తెర ముందు కూర్చోబెట్టి, ఒక పుస్తకం వెతకండి అని ఊరికే చూసి ఉంటే ఈ శ్రమ తప్పేది.

ఈ చూపు మనకు కొత్త కాదు. బెజవాడలో 1914 ఏప్రిల్ 10న గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిపిన తరం, జనం ఎక్కడుంటే పుస్తకం అక్కడికి వెళ్లాలని నమ్మింది. 1935లో గుంటూరు జిల్లా పెదవడ్లపూడి, కొల్లిపరల నడుమ కాలువ పడవలో గ్రంథాలయం నడిపారు. పడవ నెమ్మదిగా పోతుంది, ఎక్కినవాళ్లకు గంటల తరబడి వేరే పని ఉండదు. ఇది గమనించినవాళ్లకే అక్కడ పుస్తకాలు పెట్టాలన్న ఆలోచన వచ్చింది. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన పంచసూత్రాల్లో నాలుగోది పాఠకుడి కాలాన్ని ఆదా చేయమంటుంది. అతని కాలం ఎక్కడ వృథా అవుతోందో చూడకుండా ఆదా చేయడం ఎలా?

మన విశ్వవిద్యాలయాల్లో గ్రంథాలయ శాస్త్ర శాఖలున్నాయి. గ్రంథాలయ వినియోగంపై సిద్ధాంత గ్రంథాలకూ కొదవ లేదు. వాటిలో చాలావరకు కాలేజీ విద్యార్థులకు ప్రశ్నావళులు పంచి, ‘చాలా సంతృప్తి, సంతృప్తి, పర్వాలేదు’ అన్న గడులను శాతాలుగా మార్చినవే. శాఖా గ్రంథాలయంలో ఒకే దినపత్రికను విడి కాగితాలుగా పంచుకుని చదివే పెద్దవాళ్లు ఆ పట్టికల్లోకి రారు. పొద్దున వంట వేళ, సాయంత్రం మళ్లీ వంట వేళ తెరిచి ఉండే గ్రంథాలయానికి ఇల్లాలు ఎప్పుడు రావాలని ఎవరూ అడగరు. ఆమె ఇంటి నుంచీ గ్రంథాలయ పన్ను వెళుతూనే ఉంది. 1960 నాటి చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున వసూలవుతోంది. ఆ సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థలకు సకాలంలో చేరడం లేదన్న గొడవ ఎప్పటినుంచో ఉంది. అది తేలాల్సిందే. చేరిన సొమ్ము దేనికి ఖర్చు పెట్టాలో కూడా అంతే గట్టిగా తేలాలి. గ్రామంలో కంప్యూటర్ పెట్టి దాని మీద గుడ్డ కప్పి ఉంచితే ఆధునికీకరణ జరిగిపోదు.

రెండు జాగ్రత్తలు అవసరం. వాడకం లెక్కలు గ్రంథాలయాన్ని మూసేందుకు సాకు కాకూడదు. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం కొన్న పుస్తకాల్లో దాదాపు 40 శాతం తొలి ఆరేళ్లలో ఒక్కసారైనా బయటికి వెళ్లలేదని 1979లో అలెన్ కెంట్ బృందం చెప్పినప్పుడు పెద్ద దుమారమే రేగింది. కానీ వేటపాలెంలోని సారస్వత నికేతనం గ్రంథాలయంలో ఉన్న పాత పత్రికల సంపుటాలను రోజూ అడిగేవాళ్లు ఉండరు. ఎక్కడినుంచో వచ్చే ఒక పరిశోధకుడికి అవి తప్ప వేరే ఆధారం ఉండదు. రెండోది, పాఠకుడు ఏం చదివాడన్నది అతని సొంత విషయం. మనం గమనించాల్సింది అతను పడే ఇబ్బందిని, అతను చదివే పుస్తకం పేరు మనకు అక్కర్లేదు.

జిల్లా గ్రంథాలయ సంస్థలకు మా సూచన ఇది. ఈసారి వారోత్సవాల్లో ఒక్క రోజు సభ మానేయండి. దగ్గర్లోని విశ్వవిద్యాలయం నుంచి గ్రంథాలయ శాస్త్ర విద్యార్థులను పిలిచి, మీ శాఖల్లో తెరిచినప్పటి నుంచి మూసేదాకా కూర్చోబెట్టండి. ఎవరు ఏం వెతికారు, ఏది దొరకలేదు, ఎందుకు లేచి వెళ్లారు అన్నవి రాయించండి. గ్రంథాలయం ఉన్న వీధిలో నాలుగిళ్లకు వెళ్లి, ఎందుకు రావడం లేదో అడగండి. పాఠకులూ ఒక మేలు చేయాలి. మీ ఊరి గ్రంథాలయంలో మీరు వెతికి దొరక్క వెనక్కి వచ్చినదేమిటో మాకు ఒక ఉత్తరం రాయండి. తప్పక అచ్చువేస్తాం.