చిన్న కళాశాల – పెద్ద చదువు

దెందులూరుకు దక్షిణంగా సాగితే నేల క్రమంగా పల్లమై కొల్లేటి వైపు దిగుతుంది. ఉత్తరంగా సాగితే మెట్ట మొదలై పెదవేగి మీదుగా గుంటుపల్లి కొండల దాకా పోతుంది. ఒక వైపు చేపల చెరువుల లెక్క తెలిసిన ఇళ్ళు, మరొక వైపు కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల లెక్క తెలిసిన ఇళ్ళు. ఈ రెండు వైపుల పిల్లలూ ఇంటర్మీడియట్ ముగించిన నాడు వారిని ఎదుర్కొనే ప్రశ్న మాత్రం ఒక్కటే: ఇంజనీరింగులో ఏ బ్రాంచి? చరిత్రో, సాహిత్యమో, అర్థశాస్త్రమో చదవదలచిన విద్యార్థి ఆ కోరికను పెదవి దాటించడానికే జంకుతాడు. ‘ఏం, సీటు రాలేదా?’ అనే పరామర్శ అతనికి ముందుగానే సిద్ధంగా ఉంటుంది. ఈ పరామర్శ వెనుక ఉన్న భావన ఎంత సమంజసమో విచారించవలసి ఉంది.

లిబరల్ ఆర్ట్స్ అనే పేరు కొత్తగా వినిపించవచ్చు గాని దాని సారం కొత్తది కాదు. ఒక శాస్త్రాన్ని లోతుగా చదువుతూ ఇరుగుపొరుగు శాస్త్రాలతో చెలిమి చేయడం, కొద్దిమందే ఉన్న తరగతిలో అధ్యాపకునితో చర్చించి, వ్రాసి, దిద్దించుకొని నేర్చుకోవడం, చదివే చోటనే నివసించడం – ఈ మూడూ దాని లక్షణాలు. బాణభట్టు కాదంబరిలో చంద్రాపీడుని కోసం తండ్రి నగరానికి వెలుపల ఒక విద్యామందిరాన్ని కట్టిస్తాడు. ఆ రాకుమారుడు అక్కడే నివసిస్తూ వ్యాకరణ రాజనీతులతో పాటు సంగీతం, చిత్రలేఖనం, వడ్రంగం, ఈత సైతం అభ్యసిస్తాడు. 2020 నాటి జాతీయ విద్యా విధానం బహుముఖ విద్యను సమర్థిస్తూ ఆ కావ్యాన్నే స్మరించింది. అయితే చంద్రాపీడుడు రాజు కుమారుడు. ఆ చదువు రైతు బిడ్డకూ, జాలరి బిడ్డకూ అందడం ఎట్లా అన్నదే అసలు సమస్య.

ఈ సమస్యకు గోదావరి మండలం ఒకప్పుడు తనదైన సమాధానం చెప్పింది. 1945లో ఏలూరులో సర్ సి.ఆర్. రెడ్డి కళాశాల వెలసింది. ఊరి చేరువలో స్థానికుల పూనికతో ఏర్పడిన ఇటువంటి ప్రైవేటు కళాశాలల వల్లనే పల్లెల పిల్లలకు డిగ్రీ చదువు అందుబాటులోకి వచ్చింది. ఆ కళాశాలకు ఎవరి పేరు పెట్టారో ఆ కట్టమంచి రామలింగారెడ్డి జీవితమే బహుముఖ విద్యకు నిదర్శనం. విద్యార్థి దశలోనే ‘ముసలమ్మ మరణం’ కావ్యం రచించిన ఆయన కేంబ్రిడ్జిలో చదివారు. తెలుగులో అర్థశాస్త్ర గ్రంథమూ, ‘కవిత్వతత్త్వ విచారము’ అనే విమర్శ గ్రంథమూ వెలయించారు. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు తొలి ఉపాధ్యక్షులయ్యారు. కవిత్వమూ అర్థశాస్త్రమూ ఒకే బుద్ధిలో ఇముడుతాయని ఆయన రచనలే చాటుతున్నాయి.

కళాశాల చిన్నదైనంత మాత్రాన దాని దృష్టి చిన్నది కానవసరం లేదు. రాయలసీమలోని మదనపల్లెలో అనీబిసెంట్ ప్రోత్సాహంతో 1915లో నెలకొన్న దివ్యజ్ఞాన కళాశాలకు ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్ ప్రధానాచార్యులు. 1919లో రవీంద్రనాథ ఠాగూరు అక్కడ విడిది చేసినప్పుడు విద్యార్థుల సమక్షంలో ‘జనగణమన’ ఆలపించారు. దానిని ఆంగ్లంలోకి అనువదించినదీ అక్కడే. సంగీతజ్ఞురాలైన మార్గరెట్ కజిన్స్ సహకారంతో ఆ గీతానికి స్వరరచన జరిగింది. మహానగరానికి దూరంగా ఉన్న ఒక చిన్న ఊరి విద్యార్థులు మహాకవి గానాన్ని ఎదురుగా కూర్చొని వినగలిగారు. గురుశిష్యులు ఒకే ఆవరణలో మసలే చోట ఇటువంటి సన్నివేశాలకు అవకాశం ఎక్కువ.

బహుముఖ విద్య కేవలం సంస్కారం కోసమే అనుకోవడమూ పొరపాటే. దెందులూరు పొరుగునే ఉన్న కొల్లేటిని తీసుకొందాం. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరు అందులో చేరి ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. 2002లో ఆ సరస్సు అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రాంసార్ జాబితాకెక్కింది. 2006లో అభయారణ్య పరిధిలోని చేపల చెరువుల గట్లను ప్రభుత్వం తెగగొట్టించింది. వరద ముంపు తగ్గాలంటే నీటి నడక తెలియాలి. పక్షి బ్రతకాలంటే జీవశాస్త్రం తెలియాలి. లంక గ్రామాల వారి జీవనోపాధి నిలవాలంటే అర్థశాస్త్రం, చట్టం, చరిత్ర తెలియాలి. వారి మాట వినాలంటే వారి భాషలోని నుడికారం తెలియాలి. వీటిలో ఒక్కటే తెలిసిన నిపుణుడు గట్టును కొలవగలడు గాని గట్టు మీది మనిషి గోడు గ్రహించలేడు.

వసతి గృహం కూడా ఈ చదువులో ఒక తరగతి గదే. లంక గ్రామపు యువకుడు, మెట్ట రైతు కొడుకు ఒకే గదిలో ఉంటే ఒకరి ముంపు బాధ, మరొకరి బోరు బావి బాధ పరస్పరం తెలుస్తాయి. కులం పేరుతో, డబ్బు పేరుతో పుట్టిన దూరాలు ఒకే బంతిలో భోజనం చేసే చోట కొంతైనా తరుగుతాయి. అయితే తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా గంటల లెక్కన బట్టీ పట్టించే చోట ఈ సహవాసానికి తావు లేదు. అక్కడ పిల్లలు కలిసి ఉంటారే గాని కలిసి జీవించరు.

‘ఈ చదువు కూడు పెడుతుందా?’ అనే తల్లిదండ్రుల ప్రశ్నను తేలికగా త్రోసిపుచ్చరాదు. అప్పు చేసి చదివించే ఇంటికి ఆ భయం సహజం. స్పష్టంగా వ్రాయడం, ఎదుటివాని వాదాన్ని ఓర్పుతో విని తూచడం, కొత్త విషయాన్ని స్వయంగా నేర్చుకోవడం అబ్బినవారు న్యాయవాదులుగా, పాత్రికేయులుగా, పాలనాధికారులుగా, ఉపాధ్యాయులుగా రాణిస్తారు. మారే వృత్తులకు అనుగుణంగా మారగలుగుతారు. కానీ చిన్న కళాశాల అన్న పేరొక్కటే ఈ గుణాలను ప్రసాదించదు. అధ్యాపకుల ఖాళీలు నింపని చోట, గ్రంథాలయం తాళం తీయని చోట, నోట్సు చెప్పి వ్రాయించడమే బోధన అయిన చోట అది కేవలం పట్టా ఇచ్చే కార్యాలయమే.

ఖర్చు రెండవ చిక్కు. 2018లో శ్రీసిటీలో ఏర్పడిన క్రియా విశ్వవిద్యాలయం వంటి ప్రైవేటు సంస్థలు ఈ విద్యను వసతితో సహా అందిస్తున్నాయి. ఉపకార వేతనాలు ఉన్నప్పటికీ అటువంటి చదువు కౌలు రైతు ఇంటికి దూరపు కొండే. అందుచేత ఊరి చేరువలోని కళాశాలలనే తిరిగి బలపరచడం ఉచితమైన మార్గం. విజ్ఞానశాస్త్ర విద్యార్థికి ఒక కావ్యం, సాహిత్య విద్యార్థికి కొంత గణాంకశాస్త్రం చదివే వీలుండాలి. వారానికొకసారి విద్యార్థి వ్రాసిన వ్యాసాన్ని చదివి దిద్దే తీరిక అధ్యాపకునికి ఉండాలి. పేద విద్యార్థికి వసతి గృహంలో చోటుండాలి. పూర్వం కళాశాలలు కట్టించిన దాతృత్వం నేడు అధ్యాపకునికీ గ్రంథాలయానికీ అండగా నిలవాలి.

అటువంటి కళాశాల చేరువలో ఉన్ననాడు, సాహిత్యమో చరిత్రో చదువుతానన్న దెందులూరు విద్యార్థిని ‘సీటు రాలేదా?’ అని ఎవరూ పరామర్శించరు. ‘ఈ మధ్య ఏం చదివావు? మాకూ చెప్పు’ అని అడుగుతారు.