చర్చి తలుపునకు గ్రుచ్చిన చీటి

ఇంగ్లండు దక్షిణ సముద్రతీరమున డార్సెట్ మండలములో టైన్‌హామ్ అను పల్లె కలదు. కలదనుటకంటె నుండెననుటయే సమంజసము. 1086వ సంవత్సరమున విలియం రాజు చేయించిన భూముల లెక్కయగు డూమ్స్‌డే పుస్తకమునందే యా యూరి పేరు కానవచ్చుచున్నది. నేడచట కాపురముండువా రెవ్వరును లేరు. ఇండ్లకు కప్పులు పోయి మొండిగోడలు మిగిలినవి. మేరీమాత పేర వెలసిన పాత చర్చియు, ఊరి బడియు మాత్రము చెక్కుచెదరక నిలిచి, పోయిన గ్రామమునకు సాక్ష్యము పలుకుచున్నవి. ఈ యూరిని శత్రువు పాడుచేయలేదు, కరవు పాడుచేయలేదు. ఆ ప్రజల సొంత ప్రభుత్వమే పాడుచేసినది.

ఇంగ్లీషు పల్లెలో చర్చి యనగా కేవలము ప్రార్థనామందిరము కాదు. 1538లో థామస్ క్రామ్‌వెల్ యుత్తరువు చేసినది మొదలు ప్రతి చర్చియందును ఊరివారి జ్ఞానస్నానములు, వివాహములు, ఖననములు పుస్తకములో నెక్కించుచు వచ్చిరి. రాజుల చరిత్ర కోటలలో నుండినచో, కూలివాని చరిత్ర యీ పుస్తకములలో నున్నది. 1601 నాటి చట్టము బీదల పోషణభారమును పారిష్ అనబడు నా చర్చి గ్రామముపైననే మోపినది. 1662 నాటి చట్టము ఎవనికి ఏ పారిష్‌లో నివాసహక్కు గలదో నిర్ణయించినది. ఆ చట్టము బీదలను ఊరినుండి ఊరికి తరుముటకును ఉపయోగపడినమాట నిజమే. అయినను దానిలో నొక గొప్ప సూత్రము దాగియున్నది. సెంటు భూమి లేనివానికిని తన యూరిపై హక్కు కలదని న్యాయశాస్త్ర మొకప్పు డంగీకరించినది.

ఆ సూత్రమునకు 1943లో పరీక్ష వచ్చినది. ఐరోపా ఖండముపై దండెత్తుటకు సైన్యములను సిద్ధపరచుచున్న కాలమది. లల్‌వర్త్ చెంత టాంకుల ఫిరంగి శిక్షణకు స్థలము చాలకపోగా, టైన్‌హామ్‌ను, దాని చుట్టునున్న నేలను, మొత్తము 7,500 యెకరములను యుద్ధశాఖవారు స్వాధీనము చేసికొనిరి. నవంబరులో నోటీసు వచ్చినది. క్రిస్మస్ పండుగకు ముందే 225 మంది యిల్లు వాకిలి విడిచి పోవలసినవారైరి. యుద్ధము ముగియగనే తిరిగి రావచ్చునను మాట నమ్మి పోయిరి. పోవుచు చర్చి తలుపునకొక చీటి గ్రుచ్చిరి. తరతరముల నివాసములను దేశముకొరకు విడిచితిమనియు, చర్చిని, ఇండ్లను జాగ్రత్తగా చూడవలసినదనియు, ఒకనాడు తిరిగి వత్తుమనియు దాని సారాంశము. అందు కోపము లేదు, శాపము లేదు. అదియే చదువరిని మిక్కిలి బాధించును.

యుద్ధము 1945లో ముగిసినది. ప్రజలు తిరిగి రాలేదు. 1948లో ప్రభుత్వము ఆ భూమిని నిర్బంధముగా కొనివేసినది. భూమి బాండ్ కుటుంబమువారిది. ఇండ్లలో నుండినవారు హెచ్చుమంది అద్దెదారులు. భూస్వామికి వెల ముట్టినది. అద్దెదారులకు తోటలోని కూరగాయల విలువ తప్ప వేరు పరిహారము లేకపోయినది. సైన్యమునకు అవసరము తీరలేదను వాదమును తేలికగా త్రోసివేయరాదు. దేశరక్షణకు శిక్షణాస్థలము కావలసినదే. కాని 1973లో, నుజెంట్ ప్రభువు అధ్యక్షుడుగానున్న ప్రభుత్వ సంఘమే యీ స్థలమును విడువదగునని సిఫారసు చేసినది. 1974లో ప్రభుత్వము దానిని నిరాకరించినది. కనుక అవసరమున్నదా లేదా యను ప్రశ్నకు తీర్పరి యెవరు? ఆక్రమించినవాడే తీర్పరి!

అదే డార్సెట్ మండలములో క్రిషెల్ డౌన్ అను మరియొక చోటు కలదు. బాంబుల అభ్యాసమునకై వాయుసేనా శాఖ 1938లో అచట 725 యెకరములను నిర్బంధముగా కొన్నది. అక్కర తీరినపిదప ఆ భూమి సొంతదారులకు చేరక వ్యవసాయశాఖ చేతిలో పడినది. ఆలింగ్టన్ ప్రభువు అల్లుడైన మార్టెన్ పట్టువిడువక పోరాడెను. బహిరంగ విచారణ జరిగినది. 1954లో వ్యవసాయమంత్రి సర్ థామస్ డగ్‌డేల్ రాజీనామా యిచ్చెను. అక్కరలేని భూమిని మొదట పూర్వపు సొంతదారునకే చూపవలెనను నియమము లేర్పడినవి. మంత్రిని దింపగల ప్రజాస్వామ్యము మెచ్చదగినదే. అయినను సైన్యము రేపే టైన్‌హామ్‌ను విడిచిపోయిన ననుకొందము. ఆ నియమములు పిలుచునది యెవరిని? భూస్వామి వారసులను. చర్చి తలుపునకు చీటి గ్రుచ్చిన కూలివాని మనుమని ఏ నియమమును పిలువదు.

ఇది పరదేశపు ముచ్చట యని మనము ఊరకుండ దగదు. ఇంగ్లీషువారు మనకిచ్చిపోయిన 1894 భూసేకరణ చట్టములో భూమిని తిరిగి యిచ్చు మాటయే లేదు. 2013లో మన పార్లమెంటు చేసిన చట్టము ఎంతయో మేలు. కౌలుదార్లను, వ్యవసాయ కూలీలను కూడ బాధిత కుటుంబములుగా నది గుర్తించినది. కాని 101వ సెక్షను చదువుడు. ఐదేండ్లు వాడుకొనని భూమిని అసలు సొంతదారునకో, వారసులకో, లేక ప్రభుత్వపు భూనిధికో చేర్చవలెనని యున్నది. సొంతదారుని పేరున్నది, ప్రభుత్వము పేరున్నది, ఊరివాని పేరు లేదు. ఊరు పోవునాడు లెక్కకు వచ్చినవాడు, ఊరు తిరిగి వచ్చునాడు లెక్కకు రాకపోవుట యే న్యాయము?

ఊరనగా కొలిచిన యెకరముల మొత్తము కాదు. గుడి, బడి, శ్మశానము, వాటితో తరతరముల పొత్తు కలిసిన సముదాయ మది. దాని నొక్క పట్టాదారు చేతిలో నుంచి వెలకట్టుట లెక్క కావచ్చును గాని ధర్మము కాదు. కావున స్వాధీనపు టుత్తరువుతోబాటే తిరిగి యిచ్చు గడువును వ్రాతమూలముగ ప్రకటింపవలెను. అవసరము తీరినదో లేదో ఆక్రమించిన శాఖ గాక న్యాయస్థానము తేల్చవలెను. తిరిగి యిచ్చునపుడు నివాసులకు సొంతదారుతో సమానముగా పిలుపు రావలెను. శాసనసభలలోని మన ప్రతినిధులు ఈ మూడు మాటలకై పట్టుబట్టవలెను.

టైన్‌హామ్ చర్చిలో నిపుడు ఆ యూరి చరిత్రను తెలుపు ప్రదర్శన కలదు. ఫిరంగులు మ్రోగని దినములందు యాత్రికులు పోయి చూచి వత్తురు. ఇచ్చిన మాటను నిలుపుకొనలేని ప్రభుత్వము గోడలను భద్రపరచినది. ప్రజలు కోరినది గోడలు కాదు.